నొప్పి అంటే 'పెయిన్' ఒక్కటేనా?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మన దగ్గర ఆరు నెలలు ఉంటే, ఒక్కసారైనా డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సి వస్తుంది. అక్కడ దుబాసీ పని మనదే. అమ్మ "సలుపుతోంది" అన్నా, "పీకుతోంది" అన్నా, "మంటగా ఉంది" అన్నా మనం అన్నిటికీ కలిపి "పెయిన్" అని చెప్పేస్తాం. డాక్టరుకు కావలసింది ఆ తేడానే. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ సైకాలజిస్టు రొనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రచురించిన ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే మాటలు 78 ఉన్నాయి, 20 గుంపులుగా. మనకు అన్ని అక్కర్లేదు. రోజూ పనికొచ్చే మాటలు కొన్నిటిని మన తెలుగు మాటల పక్కన పెట్టి ఇక్కడ ఇస్తున్నాను.

1. పెయిన్: ఏ నొప్పికైనా చెల్లే మాట. శిక్ష, జరిమానా అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. 'పెనాల్టీ' కూడా ఆ కుటుంబానిదే. మనవాళ్ళు "మై లెగ్ ఈజ్ పెయినింగ్" అంటుంటారు. అమెరికాలో అలా అనరు, "మై లెగ్ హర్ట్స్" అంటారు. 'టేక్ పెయిన్స్' అంటే శ్రమ తీసుకోవడం. 'పెయిన్ ఇన్ ద నెక్' అంటే విసిగించే మనిషి లేదా పని. నిజంగానే మెడ నొప్పి అయితే "మై నెక్ హర్ట్స్" అనండి చాలు.

2. ఏక్: ఒకేలా, వదలకుండా ఉండే నొప్పి. తలకు హెడేక్, పంటికి టూతేక్, చెవికి ఇయరేక్, కడుపుకు స్టమకేక్, నడుముకు బ్యాకేక్. అన్ని అవయవాలకూ ఇలా అతికించడం కుదరదు. మోకాలికి 'నీ పెయిన్' అనే అంటారు. కాళ్ళు పీకడం, లాగడం, ఒళ్ళు తీపులు వీటికి "మై లెగ్స్ ఏక్", "మై బాడీ ఏక్స్" సరిపోతాయి.

ముఖ్యంగా గమనించండి: 'హార్టేక్' అంటే మనోవేదన, గుండెనొప్పి కాదు. గుండెనొప్పికి 'చెస్ట్ పెయిన్' అనాలి.

3. సోర్: 'సోర్ థ్రోట్' అంటే గొంతు నొప్పి. ఎక్కువ నడిచాక కండరాలు నొప్పెడితే 'సోర్ మజిల్స్'. కానీ 'ఎ సోర్' అంటే పుండు.

4. క్రాంప్: పిక్క పట్టేయడం, కొంకర్లు పోవడం. తిమ్మిరి వేరు, దానికి 'టింగ్లింగ్' లేదా 'పిన్స్ అండ్ నీడిల్స్'. మొద్దుబారితే 'నమ్‌నెస్'. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి, కాలు, మొహం మొద్దుబారితే అది పక్షవాతం సూచన కావచ్చు. ఆలస్యం చెయ్యకుండా 911కి ఫోన్ చెయ్యండి.

5. పోటు, సలుపు, మంట: కత్తితో పొడిచినట్టుండే పోటుకు 'స్టాబింగ్ పెయిన్'. చిగురువాపులో, సెగగడ్డలో ఉండే సలుపుకు 'త్రాబింగ్'. మంటకు 'బర్నింగ్'. చుర్రుమంటే 'స్టింగింగ్'. నడుము నుంచి కాలిలోకి జివ్వున లాగితే 'షూటింగ్ పెయిన్'. తిన్నది అరక్క గుండెల్లో మంటగా ఉంటే 'హార్ట్‌బర్న్'.

6. ప్రెషర్, టైట్‌నెస్: అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. నాకు తెలిసిన పెద్దవాళ్ళలో చాలామంది ఛాతీలో బరువుగా ఉన్నా, ఎవరో నొక్కేస్తున్నట్టున్నా దాన్ని నొప్పి అనరు. "పెయిన్ ఉందా?" అని నర్సు అడిగితే "లేదమ్మా" అంటారు, మనం "నో" అని చెప్తాం. గుండెపోటు చాలాసార్లు నొప్పిలా కాకుండా బరువులాగే మొదలవుతుంది. ఆడవాళ్ళకు దవడ, వీపు నొప్పి, వికారం, ఆయాసం రూపంలో కూడా రావచ్చు. కాబట్టి "నొప్పిగా ఉందా?" అని ఊరుకోకుండా "బరువుగా ఉందా? పట్టేసినట్టుందా? చెమటలు పడుతున్నాయా?" అని అడగండి. "ప్రెషర్ ఇన్ ద చెస్ట్" అని స్పష్టంగా చెప్పండి. ఇంట్లో ఉండగా ఇలా అయితే వెంటనే 911.

నొప్పికి మార్కులు: సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమంటారు. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఊహించగలిగినంత నొప్పి. మన పెద్దవాళ్ళు పిల్లల్ని కంగారు పెట్టకూడదని "ఏదో కొంచెం" అంటారు. దాన్ని మీరే 'రెండు' అని తర్జుమా చెయ్యకండి. "నిద్ర పట్టిందా? నడవగలుగుతున్నారా?" అని అడిగి, అంకె మాత్రం వాళ్ళనే చెప్పనివ్వండి.

మనకే మాట దొరక్కపోతే "తెలుగు ఇంటర్‌ప్రిటర్ ప్లీజ్" అని అడగవచ్చు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం, 2010 ఆరోగ్య చట్టం ప్రకారం ఇంగ్లీషు సరిగా రానివారికి భాషా సహాయం ఉచితంగా ఇవ్వాలి. చాలాచోట్ల ఫోనులోనే కలుపుతారు. ఇంట్లో చిన్నపిల్లల్ని మాత్రం ఈ పనికి పెట్టకండి. వాళ్ళకు 'పెయిన్' తెలుస్తుంది గాని, అమ్మమ్మ చెప్పే 'సలుపు' తెలియదు.