ఉంది, ఉంది... లేదు!

మొదట్లో బొమ్మల కార్డు అంటే ఒక అట్టముక్క, అంతే. 1880లలో అమెరికాలో సిగరెట్లు మెత్తటి కాగితపు పొట్లాల్లో వచ్చేవి. అవి నలగకుండా లోపల గట్టి అట్ట పెట్టేవారు. ఉత్త అట్ట ఎందుకని దాని మీద బొమ్మలు అచ్చేయించారు. అలెన్ అండ్ గింటర్ కంపెనీ 1887లో వేసిన 50 కార్డుల వరసలో బేస్‌బాల్ వాళ్లు పదిమందే. మిగతావాళ్లలో ముష్టియోధులు, మల్లులు, పడవ పందేల వీరులు, గురి చూసి కాల్చేవాళ్లు ఉన్నారు. పొగ తాగేది తండ్రులు, బొమ్మలు పోగేసేది పిల్లలు. అగ్గిపెట్టె బొమ్మలు ఏరుకున్న మన పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

పోగేయడం మొదలైతే మార్పిడి దానంతటదే వస్తుంది. రెండు కట్టలు ఎదురెదురుగా పెట్టుకుని "ఉంది, ఉంది, లేదు" అనుకుంటూ తిప్పడమే దాని విధానం. కానీ "లేదు" అనాలంటే మొత్తం ఎన్నున్నాయో తెలియాలి. కార్డు వెనక అంకె వేసే అలవాటుతో ఆ ఎరుక కలిగింది, దాన్ని వాడుకునే గడుసుతనమూ వచ్చింది. 1933లో గౌడీ అనే చూయింగ్ గమ్ కంపెనీ 240 అంకెల వరస విడుదల చేసి, 106వ కార్డు అచ్చే వేయలేదు. పిల్లలు దానికోసం గమ్ కొని నమిలి, మళ్లీ కొన్నారు. ఉత్తరాలు రాసి నిలదీసినవాళ్లకు మరుసటి ఏడాది నాప్ లజోయ్ అనే ఆటగాడి బొమ్మతో ఆ కార్డు పోస్టులో వచ్చింది. ఇవాళ ఆ వరసలో అన్నిటికంటే అరుదైనది అదే.

ఈ చరిత్రలో నాకు అందరికంటే పెద్ద మనిషిగా కనిపించేది ఏ ఆటగాడూ కాదు, జెఫర్సన్ బర్డిక్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్‌లో ఒక విద్యుత్ పరికరాల కంపెనీ ఉద్యోగి. పెళ్లి చేసుకోలేదు. కీళ్లవాతం చేతివేళ్లను వంకర తిప్పేసింది. 1937లో కార్డులు పోగేసేవాళ్ల కోసం చిన్న పత్రిక పెట్టాడు. 1939లో తన సొంత ఖర్చుతో కేటలాగు వేశాడు. ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకు 'టి', పంతొమ్మిదో శతాబ్దం వాటికి 'ఎన్', తొలినాటి మిఠాయి కార్డులకు 'ఇ' అని అక్షరాలు కేటాయించి, ఒక్కో వరసకు ఒక్కో అంకె ఇచ్చాడు. వేలంపాటల్లో ఇప్పుడు వినిపించే 'టి206' అనే పేరు ఆయన పెట్టిందే.

ఆ టి206లోనే హోనస్ వాగ్నర్ కార్డుంది. ఆటగాడు అభ్యంతరం చెప్పడంతో దాని అచ్చు ఆగిపోయింది. పొగాకు గిట్టకా, డబ్బివ్వలేదనా అన్న వాదన ఇంకా తెగలేదు. బర్డిక్ తన కేటలాగులో దానికి వేసిన ధర 50 డాలర్లు. 2021లో ఒక ప్రతి 66 లక్షల డాలర్లు పలికింది. బర్డిక్ మాత్రం మూడు లక్షలకు పైగా కాగితపు ముక్కలను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి ఊరికే ఇచ్చేశాడు. 1947 నుంచి వాటిని వరసలు కట్టి ఆల్బమ్‌లలో అతికిస్తూ, 1963 జనవరిలో పని ముగించి, మార్చిలో కన్నుమూశాడు.

తర్వాతి కథ డబ్బుది, త్వరగా దాటేద్దాం. 1952లో టాప్స్ కంపెనీ వేసిన వరసలో బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ ఉన్న కార్డులు అమ్ముడుపోక మిగిలితే, 1960లో పెట్టెలకు పెట్టెలు అట్లాంటిక్‌లో పారబోశారు. అలా సముద్రం పాలు కాకుండా మిగిలిన మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. 1979లో గణాంకశాస్త్ర ఆచార్యుడు జేమ్స్ బెకెట్ ధరల పుస్తకం తెచ్చాడు, 1984లో దానికి తోడు మాసపత్రికా వచ్చింది. అప్పటిదాకా అభిమాన జట్టును బట్టి మార్చుకున్న పిల్లలు పత్రిక తెరిచి లెక్క చూడసాగారు. 1981లో టాప్స్‌కు పోటీగా ఫ్లీర్, డాన్‌రస్ వచ్చాయి, 1989లో అప్పర్ డెక్ దిగింది. మైనపు కాగితం పొట్లాలు గుట్టలుగా అచ్చయ్యాయి. అందరూ దాచుకున్నదానికి అరుదు ఎక్కడిది? ఆ కాలానికి 'జంక్ వ్యాక్స్' అన్న పేరు మిగిలింది.

1995లో ఈబే వచ్చింది. అమ్మేవాడికి లోకమంతా బజారైంది గానీ మార్పిడికి అది పనికిరాలేదు. మార్పిడి చిక్కు వేరు. నాకు కావలసింది నీ దగ్గర, నీకు కావలసింది నా దగ్గర ఒకేసారి ఉండాలి. ఊళ్లో నలుగురి మధ్య అది కుదరడం గగనం.

ఆ చిక్కు విప్పింది ఆన్‌లైన్ డేటాబేస్. ట్రేడింగ్ కార్డ్ డేటాబేస్ లాంటి చోట్ల ప్రతి కార్డుకూ ఒక పద్దు ఉంటుంది: ఏడాది, వరస, అంకె, ఆటగాడు, అచ్చుతప్పు ఉంటే అదీ. ఆ పద్దులు నింపేది సభ్యులే. రంగు అంచులు, మెరుపు పూతలంటూ ఒకే బొమ్మకు డజన్ల రూపాలు తీసే ఈ కాలంలో, వందమంది బర్డిక్‌లకైనా జీతమిచ్చి ఈ పని చేయించడం కష్టం. ఉన్నవి, కావలసినవి, ఇవ్వగలిగినవి గుర్తుపెడితే, ఎవరి ఖాళీ ఎవరి మిగులుతో పూడుతుందో యంత్రం చూపిస్తుంది. ప్రతిపాదన వెళ్తుంది, బేరం నడుస్తుంది, రెండు కవర్లు పోస్టులో పడతాయి. అవి చేరాక ఒకరి గురించి ఒకరు మంచో చెడో రాస్తారు. ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య పూచీ అదే.

ఇక్కడ ధరల పుస్తకం మాట పెద్దగా చెల్లదు. పైసా విలువ లేదని తీసిపారేసిన 1988 నాటి డాన్‌రస్ కార్డు, ఒక్క అంకె దగ్గర వరస ఆగిపోయినవాడికి కావలసిన కార్డే. జంక్ వ్యాక్స్ గుట్టలన్నీ ఇప్పుడు ఈ మార్పిడికే పనికొస్తున్నాయి. అంత అచ్చేసిన కంపెనీలకు నేను దణ్ణం పెట్టాలనుకునే సందర్భం ఇదొక్కటే.

పంపేవాళ్లకు ఒక మర్యాదుంది. కార్డును పల్చటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, దారిలో వంగకుండా అటూ ఇటూ అట్టముక్కలు కాపు పెట్టి, అప్పుడు కవరు అంటిస్తారు.