తలబ్, హాజత్, గిరాకీ: ఖిల్జీ బజారు చెప్పే లెక్క

ఉర్దూ మీడియం బడిలో మఆషియాత్ పుస్తకం తెరిస్తే ముందుగా ఎదురయ్యే మాటలు రెండు: తలబ్, రసద్. ఇంగ్లీషు చదివినవాళ్ళకు డిమాండ్, సప్లయ్. ఇంట్లో మాకు తెలిసిన తలబ్ మాత్రం వేరు. పొద్దున చాయ్ పడకపోతే పుట్టేది తలబ్. అన్నం తిన్నాక పాన్ కోసం నాలుక పీకేది తలబ్. పుస్తకంలో తలబ్‌కు ఈ యావ ఒక్కటే సరిపోదు. జేబులో పైసా ఉండాలి, ఆ ధరకు ఆ పైసా తీసి ఇవ్వడానికి మనసు ఒప్పాలి. ఖ్వాహిష్, ఖువ్వతె ఖరీద్, రజామందీ, ఈ మూడూ కలిస్తేనే తలబ్. మరి ఆకలి సంగతేంటి? అది హాజత్. అవసరం. పైసా లేని హాజత్‌ను బజారు లెక్కపెట్టదు.

డిగ్రీలో తెలుగు చదివినప్పుడు ఇదే సంగతికి గిరాకీ అన్న మాట దొరికింది. మా తెలంగాణ బజార్లలో దుకాణానికొచ్చిన మనిషినీ గిరాకీ అనే అంటారు, సరుకుకున్న డిమాండునూ గిరాకీ అనే అంటారు. ఈ తేడా పాడు చేయకుండా పట్టుకుని మనం ఏడు వందల ఏళ్ళు వెనక్కి, దిల్లీ బజారుకు వెళ్దాం. హిందుస్తాన్ తారీఖులో ధరల గురించి ఇంత వివరంగా రాసిపెట్టిన ముచ్చట మరొకటి అరుదు.

అలావుద్దీన్ ఖిల్జీ 1296 నుంచి 1316 దాకా దిల్లీ సుల్తాన్. గద్దెనెక్కే ముందే దేవగిరిని దోచి బంగారం తెచ్చాడు. దిల్లీ దారి పొడవునా జనం మీదికి దాన్ని వెదజల్లాడని జియావుద్దీన్ బరనీ రాశాడు. జేబుల్లోకి కొత్త పైసా వచ్చి, బజార్లో సరుకు పాత మోతాదులోనే ఉంటే ధర పెరగక మానదు. పైగా 1303లో మంగోలులు తర్గీ నాయకత్వంలో వచ్చి దిల్లీని చుట్టుముట్టారు. ఆ ఏడే సుల్తాన్ చిత్తోడ్ మీదికి వెళ్ళాడు. మన ఓరుగల్లు మీదికి పంపిన ఫౌజు పని కాక, అలసిపోయి తిరిగొచ్చింది. ఇక పెద్ద ఫౌజు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలనుకున్నాడు. సిపాయికి ఏడాదికి 234 తంకాల తనఖా. అంటే నెలకు పంతొమ్మిదిన్నర. ఆ జీతంతో గుర్రం, ఆయుధం, పెళ్ళాం పిల్లలు గడవాలంటే రెండే దారులు: జీతం పెంచాలి, లేదా ధర దించాలి. జీతం పెంచితే ఖజానా కొన్నేళ్ళకే ఖాళీ అవుతుంది. ఆయన రెండో దారి పట్టాడు.

గోధుమ మన్ ఒక్కింటికి ఏడున్నర జితళ్ళు, బియ్యం 5, బార్లీ 4. (జితల్ అంటే ఆనాటి చిల్లర నాణెం. ఆనాటి మన్ ఇప్పటి లెక్కలో 15 కిలోల లోపే అంటారు.) ఇట్లాంటి ఫర్మానాలు చాలామంది పాలకులు ఇచ్చారు, చాలావరకు కాగితం మీదే మిగిలాయి. ధర దించితే కొనేవాళ్ళు పెరుగుతారు, అమ్మేవాళ్ళు సరుకు దాచేస్తారు. ఖిల్జీకి ఈ సంగతి తెలుసని ఆయన ఏర్పాట్లు చూస్తే అర్థమవుతుంది. దోఆబ్‌లో శిస్తును ధాన్యం రూపంలోనే వసూలు చేయించి సర్కారీ గోదాములు నింపాడు. ధాన్యం మోసే బంజారాలను పెళ్ళాం పిల్లలతో సహా జమున ఒడ్డున కాపురం పెట్టించి, ఒకరికొకరిని జామీను చేశాడు. ఎహ్తికార్, అంటే ధాన్యం దాచి ధర పెంచడం, నేరమన్నాడు. మండీ మీద షహ్నాను పెట్టాడు, ఆయన మీద నిఘాకు బరీద్‌ను పెట్టాడు, ఈ ఇద్దరి మీదా రహస్య వేగులను పెట్టాడు. మూడు రిపోర్టులూ కలవకపోతే షహ్నా పని అయిపోయినట్టే. వానలు లేని ఏడు అర జితల్ పెంచుదామని అడిగిన పాపానికి షహ్నాకు కొరడా దెబ్బలు పడ్డాయట!

ఇప్పుడు గిరాకీ వైపు చూడండి. అసలు తెలివి అక్కడుంది. కరువులో ధర కట్టేసినంత మాత్రాన ధాన్యం పెరగదు. రేపు దొరకదేమో అన్న భయంతో ప్రతి ఇల్లూ రెండింతలు కొంటుంది. భయం కూడా గిరాకీయే. అందుకే కరువు రోజుల్లో ఒక్కో గిరాకీకి అర మన్ కంటే ఎక్కువ ఇవ్వొద్దన్నాడు. మొహల్లాలో జనం ఎంతో చూసి అక్కడి దుకాణాలకు ధాన్యం పంపారు. తోపులాటలో బలహీనుడెవడైనా కాళ్ళ కింద పడితే షహ్నాయే జవాబుదారీ. రేషన్ క్యూ అన్నది మన కాలంలో పుట్టిందనుకునేవాళ్ళు ఈ ముచ్చట గుర్తుంచుకోవాలి.

బట్టల బజారు కథ వేరు. బదాయూఁ దర్వాజా దగ్గర సరాయె అద్ల్ అని పెట్టి బట్ట, చక్కెర, నెయ్యి, దీపాల నూనె అక్కడే అమ్మాలన్నాడు. ముల్తానీ వ్యాపారులకు ఖజానా నుంచి 20 లక్షల తంకాలు పెట్టుబడి ఇచ్చాడు. ఖరీదైన పట్టుబట్టలకు మాత్రం పర్మిట్ తప్పనిసరి. ఎందుకు? దిల్లీలో సర్కారీ ధరకు కొని బయటి ఊళ్ళలో నాలుగైదింతలకు అమ్ముకునేవాళ్ళ గిరాకీ కట్టుకునేవాళ్ళ గిరాకీని మించిపోతుంది గనుక. గోధుమ ధర ఎంతున్నా మనిషి తినడం మానలేడు, పట్టు ధర పెరిగితే నూలుతో సరిపెట్టుకుంటాడు. ఒకదానికి గోదాం, మరోదానికి పర్మిట్. ఇప్పుడు మనం కాలేజీలో గీతలు గీసి చెప్పే పాఠాన్ని ఆయన కొరడా పట్టుకుని నడిపించాడు.

ఇంతకీ ఎవరి మేలు కోసం? బరనీ సమాధానం సూటిగా ఉంటుంది: ఫౌజు కోసం. సూఫీ బుజుర్గ్ నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ మాటల సంకలనం ఖైరుల్ మజాలిస్‌లో మరో సంగతి వినిపిస్తుంది: సుల్తాన్ జనం మేలు కోరే ధర దించాడని, ఆ రోజుల్లో ఫకీరుకు సైతం చలికి దుప్పటి ఉండేదని. రెండూ కొంతవరకు నిజమే కావచ్చు. దిల్లీలో జీతం తీసుకునే మనిషికి చవక ధాన్యం మెహర్బానీయే. దోఆబ్ కిసాన్ సంగతి వేరు. పండిన దాంట్లో సగం శిస్తు. మిగిలిన దాంట్లో తిండికి, విత్తనానికి ఉంచుకుని, తక్కినది పొలం దగ్గరే సర్కారీ ధరకు అమ్మెయ్యాలి. ఆ తర్వాత అతని చేతిలో మిగిలేది ఎంత? సరాయె అద్ల్‌లో చక్కెర ఎంత చవకైతే అతనికేం? ధర దిగింది, జేబూ దిగింది. అతని హాజత్ ఎప్పటికీ తలబ్ కాలేకపోయింది.

ఇంకో బజారుంది. గుర్రాలు, పశువులు, మనుషులు అమ్మే బజారు. మేలు జాతి గుర్రం 100 నుంచి 120 తంకాలు. ఇంటి పనికి బానిస స్త్రీ 5 నుంచి 12 తంకాలు. బరనీ ఈ అంకెలను గోధుమ ధర రాసినంత తేలికగా రాసి ముందుకు పోయాడు. నేను అక్కడ ఆగిపోతాను. బజారులో ఎవరు గిరాకీ, ఎవరు సరుకు అన్నది ముందే తేలిపోతుంది. ధరల ముచ్చట మొదలయ్యేది ఆ తర్వాతే.

ఖిల్జీ పోయాక కొడుకు ముబారక్ షా కాలంలో పట్టు సడలి ధరలూ కూలీలూ రెండూ పెరిగాయి. కొరడా మీద నిలబడ్డ ధర కొరడాతోనే పోయింది. తర్వాత 1377లో ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దమాలో కొరడా ఊసు లేకుండా ఇదే సంగతి విడమరిచాడు. పెద్ద నగరంలో ప్రతి కుటుంబం తిండిగింజలు నిల్వ చేసుకుంటుంది గనుక అవి చవక. విలాస వస్తువుల కోసం డబ్బున్నవాళ్ళు పోటీపడతారు గనుక అవి ప్రియం. ధర మరీ పడిపోతే పండించేవాడు, అమ్మేవాడు చితికిపోతారు. ధాన్యం చవకగా ఉండడం మాత్రం మంచిదే, ఎందుకంటే అది అమీరుకూ గరీబుకూ కావాలి. ఈ చివరి రెండు మాటల మధ్య ఉన్న ఇరుకే కదా మన కిసాన్ సమస్య!

1983లో మన దగ్గర కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఇక్కడ ధర దింపిన నష్టాన్ని రైతు గింజల మీద వేయకుండా ఖజానా మోసింది. పేదింటికి బియ్యం మీద మిగిలిన పైసలు పప్పుకో, నూనెకో, పిల్లవాడి పలకకో వెళ్ళాయి. ఒక వస్తువు ధర తగ్గితే ఇంకో నాలుగు వస్తువులకు గిరాకీ పుడుతుంది. జేబు పెరిగినట్టే లెక్క.

ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో మార్కెట్ వార్తలు చూస్తున్నవాణ్ణి. 'గిరాకీ తగ్గింది' అన్న శీర్షిక వచ్చిన ప్రతిసారీ నాకు రెండు ప్రశ్నలు వస్తాయి. జనానికి ఆ సరుకు అక్కర్లేకపోయిందా? లేక కొనలేక దుకాణం మెట్లు దిగిపోయారా? పప్పు కొనడం మానేసిన ఇంట్లో పప్పు మీద ఇష్టం చచ్చిపోదు. కానీ మండీ లెక్కల్లో ఇద్దరూ ఒకే గడిలో పడతారు. ధర ఎంత అని అడిగే ముందు, ఆ ధర దగ్గర ఎవరెవరు బజారు నుంచి మాయమయ్యారో అడగాలి. బరనీ లెక్కలో దోఆబ్ కిసాన్ ఎట్లా మాయమయ్యాడో, ఇవాళ్టి లెక్కలో కూడా ఎవరో ఒకరు అట్లాగే మాయమవుతుంటారు.