తప్పుదారి పట్టిన ఓటు: గుర్తు నుండి వెబ్ చిరునామా వరకు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో స్వల్ప సంఖ్యలో ఓట్లు మళ్లినా ఫలితం తారుమారు కాగలదు. 2018లో కోదాడ శాసనసభ స్థానం 756 ఓట్ల తేడాతో తేలింది. 2019లో పొరుగు భువనగిరి లోక్‌సభ స్థానంలో ఆధిక్యం 5,219. కారును పోలిందన్న వివాదానికి గురైన రోడ్డు రోలరు గుర్తుకు 27,973 ఓట్లు పోలయ్యాయి. గుర్తు ఎన్నికల సంఘం కేటాయించేది. ప్రత్యర్థి పేరుతో వెబ్ చిరునామా మాత్రం ఉద్దేశపూర్వకమైన ఎంపిక. అయినా భారత శిక్షాస్మృతి 415వ సెక్షన్ ప్రకారం మోసానికి ఆస్తి అప్పగింతో, శరీర, మనో, కీర్తి, ఆస్తి నష్టాలలో ఒకటో ఉండాలి. 2024లో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ ఇదే నిర్వచనాన్ని నిలిపింది. ఆ చిరునామాతో విరాళం కాజేస్తే మోసమే. ఓటును మళ్లిస్తే ఆ నిర్వచనంలో సులభంగా ఇమడదు. వంచన స్పష్టం, నేరం అస్పష్టం.