రాతి కూలీ ఎక్స్‌రే: వైద్యానికే కాదు, హక్కుకూ రుజువు

నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డ శిల్పాలకు, బేతంచెర్ల నాపరాళ్లకు పేరుంది. జిల్లాలో రాయి తవ్వే, కోసే, పాలిష్ పట్టే పనుల్లో భూమి లేని దళిత, బహుజన కూలీలు ఉన్నారు. సిలికా ఉన్న రాయిని పొడిగా కోసినప్పుడు లేచే సన్నని దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం చూసి చాలాసార్లు టీబీ అనుకుంటారు. చీటీ మీద టీబీ అని మాత్రమే రాస్తే పరిహారం మాటే రాదు. సిలికోసిస్ అని రాస్తే అది పని తెచ్చిన జబ్బు అవుతుంది.

ఎవరు తేల్చాలి?

నిర్ధారణకు ఛాతీ ఎక్స్‌రేతో పాటు పని చరిత్ర కావాలి. ఎక్స్‌రేను అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రామాణిక చిత్రాలతో పోల్చి తీవ్రత తేలుస్తారు. ఈ శిక్షణ ఉన్న డాక్టర్లు తక్కువ. నంద్యాలకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. కర్నూలు పెద్దాసుపత్రి ఇంకా దూరం. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది.

మనిషికి బదులు ఎక్స్‌రేనే ఆన్‌లైన్‌లో నిపుణుడి దగ్గరికి పంపడాన్ని టెలీరేడియాలజీ అంటారు. కేంద్రం 2015లో తెచ్చిన ఉచిత రోగనిర్ధారణ పథకంలోనే ఇది ఉంది. రాజస్థాన్ ఒక అడుగు ముందుకేసి, 2019 విధానం కింద సిలికోసిస్ దరఖాస్తు నుంచి ధ్రువీకరణ దాకా ఆన్‌లైన్ చేసింది. ధ్రువీకరణ అయితే 3 లక్షలు, మరణిస్తే కుటుంబానికి మరో 2 లక్షల రూపాయలు ఇస్తామని ఆ విధానం చెప్పింది.

వాట్సాప్ ఫొటో చాలదు

సిలికోసిస్ మచ్చల్లో చిన్నవి ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండవు. ఫిల్మును ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే అవి చెరిగిపోవచ్చు. ఆసుపత్రులు వాడే డైకామ్ ఫైలులో చిత్రం పూర్తి వివరంగా ఉంటుంది. రోగి పేరు, వయసు, తేదీ కూడా అందులోనే ఉంటాయి. అందుకే రోగి అనుమతి లేకుండా గ్రూపుల్లో పెట్టకూడదు. యజమాని చేతికి చేరితే పని పోయే ప్రమాదం ఉంది.

కార్యకర్తలు చేయగలిగినవి

- డైకామ్ ఫైలును సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోవాలి. రోగి అడిగిన 72 గంటల్లో డాక్టరు రికార్డులు ఇవ్వాలని 2002 వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి.
- ఏ క్వారీలో, ఏ యూనిట్‌లో, ఎన్నేళ్లు, ఏ పని చేశారో రాసి ఎక్స్‌రేకు జతచేయాలి. అది లేకపోతే దూరాన ఉన్న డాక్టరుకు అవి వట్టి మచ్చలే.
- పాత ఎక్స్‌రేలు పారేయొద్దు. జబ్బు ముదిరిన తీరును అవే చూపిస్తాయి.

1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను డాక్టర్లు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. ఆళ్లగడ్డలో తీసిన ఎక్స్‌రే నిపుణుడికి చేరి, ఆయన రాసిన మాట కార్మిక శాఖ దాకా వెళ్లే దారి వేయమని మనం ప్రభుత్వాన్ని అడగాలి.