వీఎం బంజర్ సెంటర్‌కూ చరిత్ర ఉంది

మన పెనుబల్లి మండలం గురించి ఎవరు రాసినా నీలాద్రి గుట్టతో ఎత్తుకుని లంకాసాగర్ కట్ట మీద దించుతారు. శివరాత్రి జాతర, చెరువు నీళ్లు మనకు గర్వకారణాలే, కాదనను. వీఎం బంజర్ సెంటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అది నిన్నమొన్నటి రోడ్డు బజారు, దానికి చరిత్రేంటి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను.

ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారి, తిరువూరు నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోయే దారి కలిసేది అక్కడే. చెరువు కింది రైతులు, అడవి అంచు గూడేల వాళ్లు, తండాల వాళ్లు ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగే చోటు మండలంలో ఇంకెక్కడుంది? ఊళ్లో రచ్చబండ పాతదే, గౌరవించాల్సిందే. కానీ దాని మీద ఎవరు కూర్చోవాలో, ఎవరు కింద నిలబడాలో కులం చెప్పేది. టీ కొట్లలోనూ రెండు గ్లాసుల పద్ధతి నడిచిన తెలుగు పల్లెలు బోలెడు. అయినా బస్సు దిగినవాళ్లలో ఎవరిది ఏ వాడో ఎవరికి తెలుస్తుంది? అందుకే నా లెక్కలో రచ్చబండ కంటే సెంటరే పెద్దది.

2021లో ఖమ్మం జిల్లా మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడింది. పువ్వు తుంచి అరచేతిలో దులిపితే సన్నటి నల్ల పురుగులు పాకేవి. ఏ మందు కొట్టారు, తగ్గిందా లేదా, చేను దున్నేద్దామా అన్న మాటలన్నీ సెంటర్‌లోని టీ కొట్ల దగ్గరే నడిచాయి. అప్పు చేసి తోట పెట్టినవాడు పదిమందిలో నోరు విప్పగలిగితే, అది ప్రాణం నిలబెట్టే సంగతి.

ఇల్లు, పని కాక మనిషికి మూడో చోటు కావాలని అమెరికా సామాజికవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ఒక పుస్తకమే రాశాడు. మగవాళ్లకు సెంటర్ ఉంది, మరి మన ఆడవాళ్లకు ఆ చోటేది? బావి గట్టు, బోరింగు దగ్గర కాసేపు నిలబడి మాట్లాడుకునేవాళ్లు. నల్లా ఇంట్లోకి రావడం మంచిదే. కానీ ఆ కూడిక పోయింది, దాని స్థానంలో ఏదీ రాలేదు. రైతుల మీటింగుల కోసం రాష్ట్రంలో 2,601 రైతువేదికలు కట్టారు. మీటింగు లేని రోజుల్లో ఆడవాళ్లు కూర్చోవడానికి వాటి తలుపులు తీసి ఉంచితే ఎంత బాగుంటుంది!

ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, కాబట్టి చదువుకునే చోటు అడగడం మన హక్కు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. ఈసారి సభలో రెండే అడుగుదాం: సెంటర్‌లో చెట్టు నీడన నలుగురూ కూర్చునే అరుగు, ఆడవాళ్లు కూడా సాయంత్రం దాకా కూర్చోగలిగే ఒక చదువుగది. తీర్మానం రాసేదాకా లేవొద్దు.