గురి ముందా, సొంపు ముందా?

1911 మార్చి 29న అమెరికా సైన్యం జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 పిస్తోలును స్వీకరించింది. నూరేళ్లు దాటినా అది ఇప్పటికీ తయారవుతూనే ఉంది. అంతటి ఆయుధానికి గురి చూసేందుకు పెట్టిన సైట్లు మాత్రం కంటికి ఆననంత చిన్నవి. ముందు సైటు పలచటి రేకుముక్క, వెనక సైటులో సన్నటి గాటు. ఆనాటి సైన్యం లెక్కలో పిస్తోలు అంటే గుర్రపు రౌతు చేరువలోని శత్రువు మీద పేల్చేది. 1920లలో ఎమ్1911ఎ1గా మార్చినప్పుడు ముందు సైటును కాస్త వెడల్పు చేశారు. ఆ కాస్త చాలలేదు. పిస్తోళ్లకు సైట్లు మార్చుకునే అలవాటు ఇంతగా పెరగడానికి ఈ పిస్తోలే పెద్ద కారణం.

అంతకు ముందరి చాలా రివాల్వర్ల మీదైతే మార్చడానికే ఏమీ ఉండేది కాదు. 1851 నాటి కోల్ట్ నేవీ రివాల్వరుకు వెనక సైటు అంటే హ్యామర్ కొసన తీసిన గాటే. హ్యామర్ వెనక్కి లాగితే తప్ప అది కంటికి ఎదురుగా రాదు. 1873 నాటి సింగిల్ యాక్షన్ ఆర్మీకి ఫ్రేమ్ పైభాగాన పొడవాటి గాడి ఒకటి. ఎక్కడా ఎత్తుపల్లాలు లేని ఆ పైగీతలోనే దాని అందమంతా ఉంది. ఆ అందం కోసం చూపు నష్టపోవాల్సి వచ్చింది.

19వ శతాబ్దం చివర్లో ఇ.ఇ. పాట్రిడ్జ్ అనే అమెరికన్ షూటర్ ఈ చిక్కుకు సూటిగా జవాబిచ్చాడు. ముందు సైటు చదరపు దిమ్మె, వెనక చదరపు గాటు. దిమ్మెకు రెండు పక్కలా సమానంగా వెలుతురు కనిపించాలి, పై అంచులు ఒకే మట్టంలో ఉండాలి. అంతకు మించి కన్ను చేయాల్సిందేమీ లేదు. ఇంత ఖచ్చితత్వం ఎందుకంటే, పిస్తోలు మీద సైట్ల మధ్య దూరం చాలా తక్కువ. గ్లాక్ 17 పిస్తోలులో అది 165 మి.మీ. ముందు సైటు గాటులో 1 మి.మీ. పక్కకు జరిగిందంటే 25 మీటర్ల దగ్గర తూటా దాదాపు 15 సెం.మీ. తప్పుతుంది.

పాట్రిడ్జ్ సైట్లు చూడటానికి మొరటువి. అందుకే చాలామంది గుండ్రటి బంగారు పూసల వైపు మొగ్గారు. నీలి నలుపు ఉక్కు మీద పసుపు చుక్క ముచ్చటగానే ఉంటుంది. కానీ ఎండ ఎడమ నుంచి పడితే పూస ఎడమ భాగమే మెరుస్తుంది. కన్ను ఆ మెరుపునే పూస నడిమి అనుకుంటుంది. తుపాకీ కుడికి తిరుగుతుంది, తూటా కుడికి పోతుంది. చదరపు దిమ్మె వెనక ముఖాన అడ్డంగా సన్నటి గీతలు కోసేది ఈ మెరుపును చంపడానికే. శాన్ ఫ్రాన్సిస్కోలోని కింగ్ గన్ సైట్ కంపెనీ ఇంకో దారి పట్టింది. ముందు సైటు దిగువన చిన్న అద్దం అమర్చి, ఎర్రపూస మీదికి వెలుతురు మళ్లించింది.

1935లో స్మిత్ అండ్ వెస్సన్ తెచ్చిన .357 రిజిస్టర్డ్ మాగ్నమ్ నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. కొనేవాడు గొట్టం పొడవుతో పాటు ముందు సైటు, వెనక సైటు కూడా తనే ఎంచుకోవచ్చు. అతని ఎంపిక ప్రకారం కర్మాగారంలోనే బిగించి ఇచ్చేవారు. ఏ కంటికి ఏది నప్పుతుందో ఆ కంటికే తెలుసని ఒక పెద్ద కంపెనీ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

1911 పిస్తోలుకు అలాంటి సదుపాయం లేదు. పోటీ షూటర్లు దాన్ని నిపుణులైన పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లేవారు. మొదట్లో రివాల్వర్ సైట్లు తెచ్చి బిగించిన వాళ్లూ ఉన్నారు. అయితే రివాల్వర్ మీద సైటు ఉన్నచోటే ఉంటుంది. పిస్తోలు మీద అది కదిలే పైభాగమైన స్లయిడ్‌తో పాటు ప్రతి తూటాకూ వెనక్కి దూసుకెళ్లి ఆగుతుంది. ఆ కుదుపుకు తట్టుకునేలా బలంగా చేసిన బో-మార్ సైటు పోటీల్లో పాతుకుపోయింది. మరలు తిప్పి గురిని పైకీ కిందికీ, పక్కలకూ సరిచేసుకోవచ్చు. దాన్ని కిందికి దించి అందంగా కూర్చోబెట్టాలంటే మాత్రం స్లయిడ్‌ను లోతుగా కోయాలి. పైగా దాని పదునైన అంచులు బట్టకు తగులుతాయి.

నడుముకు పెట్టుకు తిరిగేవాళ్ల కోసం వెస్ట్ వర్జీనియాకు చెందిన వేన్ నోవాక్ పదునైన అంచులు లేని, ముందుకు వాలిన వెనక సైటు చేశాడు. స్లయిడ్ గీతలోంచే పుట్టినట్టుండే ఆ రూపాన్ని స్మిత్ అండ్ వెస్సన్ 1980ల చివర తన మూడోతరం పిస్తోళ్ల మీదికి తీసుకుంది. అక్కడ సొంపుకు కారణం పనే: బట్టకు చిక్కకూడదు. అయినా ఒక చేయి గాయపడితే సైటును బెల్టుకు ఆనించి స్లయిడ్ లాగాలంటే ఆ వాలు జారిపోతుంది. తరువాత నిటారు ముఖమున్న సైట్లు వచ్చింది అందుకే.

చీకట్లో వెలిగే సైట్లలోని ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు, అప్పటికి వెలుగు సగమవుతుంది. వెనక రెండు, ముందు ఒకటిగా ఉండే మూడు చుక్కలూ సమానంగా వెలిగితే ఏది ముందుదో కన్ను తడబడుతుంది. వెనకవి మసకగా ఉంచి, ముందు చుక్క చుట్టూ ముదురు నారింజ వలయం పెట్టడం మేలు.

హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే పిస్తోలు పోటీల్లో నేటికీ తెరిచిన సైట్లే నిబంధన. పిస్తోలు మీద కటకాలకు చోటు లేదు. అక్కడ పాట్రిడ్జ్ చదరమే ఇంకా రాజ్యమేలుతోంది.

కాబట్టి నా వరుస ఇది: ముందు కంటికి ఏది స్పష్టంగా కనిపిస్తుందో చూడాలి, తరువాత ఎత్తు లెక్క, ఆపైన రూపం. ఎత్తు లెక్క తేలికే. 165 మి.మీ. దూరమున్న సైట్లతో 25 మీటర్ల దగ్గర తూటా 8 సెం.మీ. పైకి తగులుతుంటే, ముందు సైటు అర మిల్లీమీటరు ఎత్తు పెరగాలి. గ్లాక్ సైట్లు విప్పి మళ్లీ పాతవే పెట్టుకోవచ్చు గనుక అక్కడ ఎన్ని ప్రయోగాలైనా చేయండి. యుద్ధకాలపు కోల్ట్ 1911 సంగతి వేరు. దాని ముందు సైటును స్లయిడ్ లోపలి నుంచి కొట్టి బిగించారు. వెనక బో-మార్ కోసం కోసిన ఉక్కు తిరిగి రాదు. చరిత్రతో పాటు సేకరించేవాళ్ల దృష్టిలో దాని విలువా పోతుంది. అలాంటి పిస్తోలుతో కాల్చాలనే ఉంటే కొత్త స్లయిడ్ ఒకటి కొని, దాని మీద నచ్చిన సైట్లు పెట్టించి, అసలుదాన్ని నూనె రాసి దాచాలి.