గురుగ్రహ వాయువులు: రేడియో సాక్ష్యం

1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాలలో సూర్యుని రేడియో వికిరణాన్ని సెంటీమీటరు తరంగాలలో కొలిచారు. దక్కను పీఠభూమిపై అది సాధ్యమే. గురుగ్రహంలో లేశమాత్రంగా ఉండే అనేక వాయువుల జాడ మాత్రం మిల్లీమీటరు తరంగాలలో దొరుకుతుంది. వాటిని మన గాలిలోని నీటి ఆవిరి చాలావరకు మింగివేస్తుంది. అందుకే ఈ అన్వేషణ ఎత్తయిన కొండలకెక్కింది.

1994 జులైలో షూమేకర్-లెవీ 9 తోకచుక్క శకలాలు గురుగ్రహాన్ని ఢీకొన్నాయి. స్పెయిన్‌లో 2,850 మీటర్ల ఎత్తున ఉన్న 30 మీటర్ల రేడియో దూరదర్శిని కార్బన్ మోనాక్సైడు, కార్బన్ మోనోసల్ఫైడు రేఖలను పట్టుకొంది. రేఖ కనబడడం కన్నా దాని వెడల్పు ముఖ్యం. లోతున, అధిక పీడనంలో ఉన్న వాయువు రేఖ బాగా వెడల్పవుతుంది. ఇవి సన్నగా ఉన్నాయి. అంటే ఆ వాయువులు మేఘాలకు చాలా పైన, స్ట్రాటోస్ఫియరులో ఉన్నాయన్నమాట. కార్బన్ మోనాక్సైడు అంతకుముందే కొంత ఉండేది; కనుక అభిఘాతానికి సల్ఫైడు సాక్ష్యమే మరింత గట్టిది.

ఆనాడు పుట్టిన హైడ్రోజన్ సయనైడు ఇంకా అక్కడే ఉంది. 2017లో చిలీలోని అల్మా దూరదర్శినులతో దాని రేఖల స్థానభ్రంశాన్ని కొలవగా, ధ్రువాల సమీపంలో గాలివేగం సెకనుకు 400 మీటర్ల వరకు ఉన్నట్లు తేలింది.